అయిదో చరణం

మా మనవరాలి ఫోనులో ఎవరో జపాన్ ఆవిడ పాడుతోంది. నేను అరుగు మీద కూర్చుని, డాక్టరు చెప్పిన ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మేసి, వింటున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఏడుపు మింగిందో తెలియడానికి భాషెందుకు?

"ఎవరే ఈవిడ?" అన్నాను.

"సింగర్ సాంగ్‌రైటర్ తాతయ్యా. పాట తనే రాస్తుంది, తనే ట్యూన్ కడుతుంది, తనే పాడుతుంది."

"దానికి మళ్ళీ ఒక పేరా? మా మిరప చేలల్లో పాడినవాళ్ళంతా ఆ బాపతేగా."

"మొదలెట్టావా? ఆమె జీవితం అంతా చూపిస్తున్నారు. నేను చెప్తా, నువ్వు అడ్డం రాకుండా విను."

చెప్పింది. ఆవిడది సముద్రం ఒడ్డున చిన్న ఊరట. తండ్రి చేపలు పట్టేవాడు, తల్లి సేమ్యాలాంటిదేదో ఉడికించి అమ్మేది. బడిలో మూలనపడ్డ పాత పియానో మీద తనంతట తనే నేర్చుకుంది. పట్నం పోయి రైలు స్టేషన్ మెట్ల మీద పాడింది. ఒక కంపెనీ వాళ్ళు తీసుకున్నారు, పేరొచ్చింది. తర్వాత ఆ కంపెనీవాళ్ళే ఒక పాట మరీ ఏడుపుగా ఉంది, మార్చమన్నారు. మార్చనంది. మార్చకుండా ఇంటికెళ్ళిపోయి తల్లి కొట్లో గిన్నెలు కడుగుతూ ఏళ్ళ తరబడి కూర్చుంది. మళ్ళీ వచ్చింది, అదే పాట అక్షరం మార్చకుండా పాడింది. ఇక ఆ తర్వాత...

మనవరాలు ఆగింది. నా వంక చూసి కళ్ళు తిప్పుకుంది.

"చెప్పవే. గొంతు పోయిందా?"

"ఆపరేషన్ చేశారంట తాతయ్యా. ఇదిగో, ఇది ఆఖరి కచేరీ."

చూశాను. పెద్ద హాలు. ఆవిడ సన్నగా, నల్లబట్టల్లో నిలబడి ఉంది. మైకు కిందకి దించేసింది. హాలు మొత్తం ఆవిడ పాట పాడుతోంది. ఆవిడ వింటోంది, అంతే.

నాకు కడుపు మండింది. ఆవిడ మీద కాదు. ఒక మనిషి గొంతు ఆగిపోతే అన్ని నోళ్ళు అందుకున్నాయి అక్కడ. ఇక్కడ ఒక్క నోరు, ఒక్కటంటే ఒక్కటి, అందుకోవలసిన రోజున మూసుకుపోయిన ఊరు నాది. ఈస్టర్ వెళ్ళాక గుంటూరులో నా గొంతులో కాయ కోస్తారు. మాట వస్తుందిగానీ పాట రాదన్నాడు డాక్టరు, ఏదో తోటకూర కట్ట లేదన్నంత తేలిగ్గా. నాకు పాటలతో పనేమీ లేదు. ఒక్క చరణంతోనే పని. అది ఏ పుస్తకంలోనూ లేదు, నా నోట్లో ఉంది.

అది మా మేనత్త కట్టిన పాట.

మాది ప్రత్తిపాడు వైపు ఒక పాలెం. ఊరికి దక్షిణాన పూరిళ్ళు, నడుమ సున్నం కొట్టిన చర్చి, దాన్ని మేం గుడి అనే అంటాం. చుట్టూ నల్లరేగడి. మిరప పండే కాలానికి ఊరు ఊరంతా ఎర్రగా మారిపోయేది. కల్లాల్లో ఆరబోసిన కాయల మీద ఎండ పడితే ఆ వాసన బట్టలకి, జుట్టుకి, చంటిపిల్లల ఉచ్చగుడ్డలకి కూడా పట్టేది. ఇప్పుడు కాయ కోతకి ఎక్కడెక్కడి నుంచో ముఠాలు లారీల్లో వస్తున్నాయి, చెవుల్లో వైర్లు పెట్టుకుని కోసుకుపోతున్నాయి. చేలో మనిషి గొంతు లేదు. కాయ కూడా నేరుగా కోల్డు స్టోరేజీకి పోతోంది. వాసన దానికీ లేదు, మనిషికీ లేదు.

అప్పుడలా కాదు. చద్దన్నంలో కొరివికారం నంజుకుని, చేతులకి ఆముదం రాసుకుని, పొద్దు ఎక్కకముందే ఆడవాళ్ళు సాళ్ళలో దిగేవాళ్ళు. ఒళ్ళో కాయలు నింపుకుంటూ పాట ఎత్తుకునేవాళ్ళు. ఎత్తుకునేది మా అత్త. మిరప చేలో పాటకి ఒక పద్ధతి ఉండేది. ముందు పాడే మనిషి చరణం అంతా పాడదు. కాయ ఘాటుకి ఊపిరి అందదు. మూడు పాదాలు పాడి ఆగుతుంది. చివరి పాదం వంత పాడేవాళ్ళది. పక్క సాళ్ళలోంచి అందరూ దాన్ని అందుకుని, తిప్పి తిప్పి అనేవాళ్ళు. ముందు పాడేది ఆ వ్యవధిలో దగ్గుకుని, ఊపిరి పీల్చుకుని, మరో చరణం కట్టుకునేది. అత్తకి చదువు రాదు. పాటలన్నీ అలా దగ్గుకీ దగ్గుకీ మధ్యన పుట్టాయి.

వంతలో అందరికంటే పెద్ద గొంతు మా ఎదురింటి అక్కది. పెళ్ళీడు పిల్ల. గాడిద గొంతని అందరూ ఆట పట్టించేవాళ్ళు.

"ఒసేయ్, కొంచెం మెల్లిగా అనవే. ప్రత్తిపాడు సంతదాకా వినబడుతుంది" అనేది మా నాయనమ్మ, చుట్ట నోట్లోంచి తీయకుండానే.

"వినబడనీ ముసలమ్మా. సంబంధాలు వాటంతటవే వస్తాయి."

"వస్తాయే, చెవిటివాళ్ళవి."

చేనంతా నవ్వేది. మా అత్త కాయలు ఒళ్ళోంచి జారిపోయేటట్టు నవ్వేది. ఆమె నవ్వితే నాకు పండగ. ఒకసారి సంఘపెద్ద ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంటే, పెరట్లో నీళ్ళు కాగుతున్న పొయ్యిలో గుప్పెడు తాలు మిరపకాయలు పడేసి పారిపోయాను. సంఘపెద్ద అంటే గుడి వ్యవహారమంతా చూసే పెద్దాయన, నున్నగా దువ్విన జుట్టు, జేబులో కలం. ఆయన ప్రార్థన ఎత్తుకుంటే ఆదాము దగ్గర మొదలెట్టేవాడు. ఆ రోజు నోవహు ఓడ ఎక్కకముందే దగ్గు వచ్చి ఆమెన్ అనేశాడు. వీపు విమానం మోత మోగింది నాకు. అత్త మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూడటం అదే ఆఖరు.

ఆ ఏడే అత్తకి లేకలేక ఆడపిల్ల పుట్టింది. చంటిదాన్ని చేనికి తెచ్చేది. మిరప చేలో చెట్టు ఉండదు. మూడు కర్రలు నిలబెట్టి, పాత చీర ఉయ్యాల కట్టి, పైన ఇంకో గుడ్డ నీడ కప్పేవాళ్ళు. పొద్దు తిరిగేకొద్దీ నీడ జరిగిపోతుంది. సాలు చివరకు వచ్చినప్పుడల్లా అత్త కర్రలు జరిపి మళ్ళీ వెళ్ళేది. ఒకరోజు కాయ బాగా పండి, మేస్త్రీ తొందరపెట్టి, సాలు పొడవై, నీడ జరిగిపోయింది. పిల్ల ఏడుపు కాకులకే వినబడిందో ఏమో. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. పసరు పోశారు, తడిగుడ్డ వేశారు, నాయనమ్మ చుట్ట పారేసి మోకాళ్ళ మీద పడింది. పిల్ల దక్కలేదు.

మాలో పిల్లకి పేరు బాప్తిస్మం నాడే. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నీళ్ళు చల్లి పేరు పిలిస్తే అదే పేరు. ఆయన అప్పుడు వేరే ఊళ్ళ సంఘాలు చూసి రావడానికి వెళ్ళారు. పిల్ల పేరు లేకుండా పోయింది. సమాధుల తోటలో మా వాళ్ళ వరసలో చోటివ్వలేదు. నాగజెముడు కంచె వారన, సిలువ లేకుండా, మట్టి కప్పి వచ్చారు. అత్త మనసులో మాత్రం ఒక పేరు ఉంది. కడుపులో ఉన్నప్పటినుంచీ అనుకుంటున్న పేరు.

కొన్నాళ్ళకి మళ్ళీ చేనికొచ్చింది. పాట ఎత్తుకుంది. సిలువ కింద నిలబడ్డ మరియమ్మ పాట.

ఎండలో వేలాడు కొడుకా
నా కొంగు నీడ నిన్నందదయ్యా

కాయ కోస్తున్న చేతులన్నీ ఆగాయి. నాలుగు చరణాలు మరియమ్మవి. అయిదోది అత్తది.

పొలము గట్టున ఉయ్యాల నీడ
పొద్దు తోటే జరిగిపోయె
నీకు నీ తల్లి కింద నిలిచె

అక్కడ ఆగింది. చివరి పాదం ఏమిటో ముందే మెల్లగా చెప్పి పెట్టింది వాళ్ళకి. నా ఫలానా పిల్లకెవరు నిలిచిరయ్యా అని. ఫలానా అన్నచోట ఆ పేరు ఉంది. ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఎదురింటి అక్క గొంతు అన్నిటికంటే పైన. తిప్పి తిప్పి అన్నారు ఆ పేరు. అత్త వంగి కాయ కోస్తూ వింది. నాకు అప్పుడు తెలియలేదుగానీ, గడ్డం నెరిశాక తెలిసింది. ఆ పేరు ఆమె తను పాడుకోవడానికి కట్టలేదు. నలుగురు పిలుస్తుంటే వినడానికి కట్టింది. తన పిల్లని ఎవరూ పిలవలేదు కదా!

ఆ పాట కల్లాల మీదుగా పక్క ఊళ్ళకీ పాకింది. గుడికి కొత్తగా పెంకు కప్పిస్తున్నారు. ఆ సందర్భానికి ఒక పాటల పుస్తకం వేయిద్దామనుకున్నారు పెద్దలు. సంఘపెద్ద స్వయంగా కల్లానికి వచ్చి, ముక్కుకి రుమాలు కట్టుకుని, అత్త పాడుతుంటే రాసుకున్నాడు. నాలుగు చరణాలు రాశాడు. అయిదోది విని, కలం ఎత్తి పట్టుకుని, "ఎవరా పిల్ల?" అన్నాడు.

"మా పిల్లేనండీ" అంది అత్త.

"సరే" అని కలానికి మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను బడి గడప తొక్కలేదు. చదువు నేర్చింది గుడి పాటల పుస్తకంలో. పాటలు ఎటూ నోటికి వచ్చు కాబట్టి, పాడుతూ వేలు జరుపుకుంటూ పోతే, ఏ అక్షరం ఏ చప్పుడో తెలిసిపోయింది. నాకు ఎవడూ చెప్పలేదు, ఎవడి దయా లేదు. అందుకే ఇప్పటికీ పేపరు చదివినా రాగం తీస్తావని మనవరాలు వెక్కిరిస్తుంది. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కొత్త పుస్తకం గుంటూరు నుంచి రాగానే అత్త నా ముందు కూర్చుంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని మరీ కూర్చుంది.

చదివాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కింద గీత. గీత కింద ఇంకో పాట.

"తిప్పరా" అంది.

తిప్పాను. ఇంకో పాట.

"అంటుకున్నాయేమో చూడు. కొత్త పుస్తకం గదా."

వేలితో ఉమ్ము అంటించి మళ్ళీ తిప్పాను. వెనక్కి వచ్చాను, ముందుకు వెళ్ళాను. "లేదత్తా" అన్నాను.

"నీకు సరిగ్గా రాదేమోరా."

"వచ్చు. లేదు."

పాట కింద ఒక పేరు ఉంది. అది కూడా చదివాను. సంఘపెద్ద పేరు.

అత్త ఆ పుస్తకం పట్టుకుని గుడి దగ్గరికి నడిచింది. నాయనమ్మ వెనకాల, నేను నాయనమ్మ వెనకాల. సంఘపెద్ద, అయ్యగారు కొత్త పెంకు చూసుకుంటున్నారు.

"అయ్యా, నా చరణం ఏదండీ?" అంది.

"ఏ చరణం అమ్మా?" అన్నాడు సంఘపెద్ద, తెలియనట్టు.

"మా పిల్లది."

"చూడమ్మా. గుడి పాట అంటే సంఘం అంతా పాడేది. నీ ఇంటి ఏడుపు అందరిచేతా ఏడిపిస్తావా? పైగా బాప్తిస్మం లేనిదే పేరెక్కడిది? దేవుణ్ణి పట్టుకుని నా పిల్లకెవరు నిలిచారని అడగడమేంటి, తప్పు కాదూ?"

"అడక్కపోతే ఆయనకెట్టా తెలుస్తదండీ?"

"వింటున్నారా అయ్యగారూ" అన్నాడాయన. అయ్యగారు మంచివారే. మంచివారు కాబట్టే పెంకు వంక చూస్తూ నిలబడ్డారు.

"అయితే నా పాట మొత్తం తీసేయండయ్యా" అంది అత్త.

"అచ్చయిపోయిందమ్మా."

మంచి శుక్రవారం వచ్చింది. ఎండలో కాలిన కొత్త పెంకు వాసన, చాపల వాసన, ఉపవాసపు నోళ్ళ వాసన. అత్త పాట పాడారు. సంఘపెద్ద ముందు పాడాడు, పుస్తకం కళ్ళకెదురుగా పట్టుకుని. అత్త నోరు విప్పలేదు. నాలుగో చరణం అయ్యాక అందరూ కూర్చున్నారు. అప్పుడు అత్త లేచింది.

పొలము గట్టున ఉయ్యాల నీడ. పొద్దు తోటే జరిగిపోయె. నీకు నీ తల్లి కింద నిలిచె.

ఆగింది. చేలో ఆగినట్టే ఆగింది, వంత కోసం.

ఆ ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. రోజూ ఆ పాదం అందుకున్న నోళ్ళే. ఒక్కటీ కదల్లేదు. ఎదురింటి అక్క నోరు తెరవడం నేను చూశాను. వాళ్ళమ్మ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టి మూసేసింది. పెళ్ళి కావలసిన పిల్ల, ఆ పెళ్ళి చేయించాల్సిన గుడి. అత్త నిలబడే ఉంది. సంఘపెద్ద గట్టిగా ప్రార్థన ఎత్తుకున్నాడు. అందరి తలలూ వంగాయి.

నేను మాత్రం తల వంచలేదు. ఆమె మొహం చూస్తున్నాను. ఏడవలేదు. చెవి ఒగ్గి, ఇంకా వస్తుందేమో అన్నట్టు చూస్తోంది.

ఇంటికొచ్చాక కాగితం ముక్క, బొగ్గు తెచ్చుకున్నాను. "నేను రాసి అతికిస్తానత్తా పుస్తకంలో" అన్నాను.

నా చేతిలో బొగ్గు తీసి పొయ్యిలో వేసింది. "కాగితం మీద పెడితే కొట్టేస్తార్రా. నోట్లో పెట్టుకో" అంది.

ఆ తర్వాత ఆమె పాట కట్టలేదు. చేలో దగ్గులు మిగిలాయి. మరుసటి ఏడు మామతో కలిసి దాచేపల్లి వైపు రాతి పనికి పోయింది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి అక్కడే పోయింది. కబురు అందేసరికి మట్టి కూడా కప్పేశారు. నోట్లో పెట్టుకోమంది, అందుకే ఈ కాగితం మీద కూడా ఆ పేరు రాయడం లేదు నేను.

మొన్న మంచి శుక్రవారం గుడికి వెళ్ళాం, మనవరాలు నా చెయ్యి పట్టుకుని. ఇప్పుడు ఏసీలు, గోడంత తెర, కీబోర్డు. తెర మీద అత్త పాట వచ్చింది, కింద రచయిత అని సంఘపెద్ద పేరు. ఆయన ఎప్పుడో పోయాడు. పేరు మాత్రం వెలుగుతోంది, రంగు రంగుల్లో! నాలుగో చరణం అయ్యింది. అందరూ కూర్చున్నారు. నేను లేచాను.

మూడు పాదాలు పాడాను. పాడానని నేను అనుకోవడమే, గరగరమని తవుడు జల్లించినట్టు వచ్చింది. అత్త ఆగిన చోటే ఆగాను. పద్ధతి కోసం ఆగానో, గొంతు అక్కడికి అయిపోయిందో చెప్పలేను. కుర్ర పాస్టరు మైకులో, "కూర్చోండి తాతగారూ, పరవాలేదు, కూర్చోండి" అంటున్నాడు. ఏది పరవాలేదో వాడికి తెలుసా?

అప్పుడు వెనక నుంచి వచ్చింది. గుడి గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడతారు ఎదురింటి అక్కని. కొడుకుని ఎవరంటుంది, కోడల్ని నువ్వెవరి పిల్లవంటుంది, అన్నం తిన్న సంగతి తెలియదు. తలెత్తకుండానే, ఒళ్ళోకి కాయలు వేసుకుంటున్నట్టు చేతులాడిస్తూ, ఆ గాడిద గొంతు మిగిలినమేరకు ఎత్తి, చివరి పాదం అందుకుంది. పేరుతో సహా. ఒకసారి కాదు, తిప్పి తిప్పి.

కోడలు ఆమె భుజం తట్టింది. "అత్తయ్యా, ఊరుకో, ఇది గుడి."

"సాలు అయిపోయిందేంటే?" అంది అక్క.

ఆమె నోటికి అడ్డం పెట్టిన చెయ్యి మట్టిలో కలిసిపోయి ఎన్నాళ్ళయిందో. ఆ పాదం మాత్రం దాని వెనక అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ నా ఒక్కడి దగ్గరే ఉందని విర్రవీగాను. ఇద్దరి దగ్గర ఉంది. ఒకరికి మతి లేదు, ఒకరికి గొంతు లేదు.

ఇంటికొచ్చాక మనవరాలు నా పక్కన కూర్చుంది. సగం సగం రాగం తీసింది, జపాన్ ఆవిడ పాట నేర్చుకున్నట్టే. మూడో పాదం దగ్గర ఆగిపోయి, "ఆ పేరేంటి తాతయ్యా? స్పెల్లింగ్ చెప్పు, నోట్ చేసుకుంటా" అని ఫోను తీసింది.

ఫోను మీద చెయ్యి పెట్టి, దగ్గరికి రమ్మని, చెవిలో చెప్పాను.

అంది. బడిలో హాజరు పిలిచినట్టు అంది, పొడి పొడిగా. కాదన్నట్టు తల ఊపాను. ఇంక మాట రావడం లేదు. మళ్ళీ అనమని సైగ చేశాను.

మళ్ళీ అంది. ఈసారి కాస్త సాగదీసి, వాకిట్లో ఆడుకుంటున్న పిల్లని పిలిచినట్టు.

మళ్ళీ, అన్నాను చేత్తోనే.